దక్షిణపు గది కిటికీ

బ్రూక్‌ఫోర్డ్‌లో నేథన్ ప్రూయిట్ చెయ్యి పడని కిటికీ దాదాపు లేదు. చర్చికీ, బడికీ, డాక్టరు గారి కొత్త ఇంటికీ అద్దాలు బిగించింది అతనే. చలికాలంలో ఎవరింట్లో గాజు చిట్లినా, పిల్లలు మంచు ఉండతో పగలగొట్టినా అతని కొట్టుకే కబురొచ్చేది. ఏ ఇంటి కిటికీకి ఎన్ని పలకలో, ఏ పలకలో ఎక్కడ బుడగ ఉందో అడిగితే కళ్లు మూసుకుని చెప్పేవాడు. అలాంటి మనిషి ముప్పై ఎనిమిదేళ్లుగా ఊళ్లో ఒక్క గదిలో మాత్రం అడుగు పెట్టలేదు. అది 'మూడు కొంగలు' అనే పూటకూళ్లింట్లో మేడమీది దక్షిణపు గది.

కారణం ఊరందరికీ తెలుసు. ఆ గది కిటికీలో ఒక గాజు పలక మీద అతని భార్య పేరుంది. దాన్ని చెక్కింది వేరే మగవాడని ఒక పుస్తకం చెబుతుంది.

ఆ పుస్తకం చదవని ఇల్లు మసాచుసెట్స్‌లో అరుదు. బోస్టన్ నుంచి ఒక కవి గారు 1861లో, ఆకులు రాలే రోజుల్లో, మూడు కొంగల పూటకూళ్లింట్లో నాలుగు రోజులున్నారు. రెండేళ్లకి ఆ ఇంటి మీదే పుస్తకం రాశారు. అందులో నిప్పుగూడు దగ్గర చేరిన బాటసారులు తలో కథ పాడతారు. గుర్రాల వర్తకుడి కథ ఉంది, ముసలి సైనికుడి కథ ఉంది. కానీ జనానికి నోటికొచ్చింది చివర ఉన్న చిన్న పాట. రాగి కూజా ఎత్తిన పిల్ల, మోచేతి దాకా మడిచిన చేతులు, కిటికీలో ఆరిపోతున్న వెలుగు. వెళ్లిపోయే ముందు బాటసారి తన ఉంగరంలోని వజ్రంతో ఆ పిల్ల పేరు గాజు మీద గీస్తాడు, రేపటి ఎండ ముందుగా ఆ పేరులోంచే గదిలోకి రావాలని. ఆ పేరు కెజయా.

కెజయా అప్పుడు పూటకూళ్లింట్లో పనిపిల్ల. పంతొమ్మిదేళ్లు. నేథన్‌తో మాట ఇచ్చిపుచ్చుకుని ఆరు నెలలైంది. నేథన్ మాత్రం ఊళ్లో లేడు. ఆ జూన్‌లోనే పటాలంతో పాటు యుద్ధానికి వెళ్లాడు.

అతను ఆ పాట మొదటిసారి విన్నది వర్జీనియాలో సైనికుల ఆసుపత్రిలో, జ్వరంతో పడుకుని ఉండగా. పక్కమంచం వాడికి ఇంటి నుంచి పుస్తకం వచ్చింది. వాడు పైకి చదువుతుంటే కాలు లేనివాళ్లూ, చెయ్యి లేనివాళ్లూ నోళ్లు తెరుచుకుని విన్నారు. పాట అయ్యాక ఒకడు, "అలాంటి పిల్ల దొరికితే నేను ఈ మంచం మీంచి లేచి నడుస్తాను," అన్నాడు. అందరూ నవ్వారు. నేథన్ దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. ఆ రాగి కూజా అతనికి తెలుసు. ఎడమ చేతి చొక్కా మడత ఎప్పుడూ కుడి కన్నా ఒక మడత ఎక్కువుండటం కూడా తెలుసు. అది కూడా రాశాడు ఆ కవి.

అరవై నాలుగులో తిరిగొచ్చాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లైన వారానికి అడిగాడు.

"ఆయన నీతో ఏం మాట్లాడాడు?"

"ఎవరు?"

"ఎవరో నీకు తెలీదా."

కెజయా పిండి కలుపుతూ తల ఎత్తలేదు. "గంజి అడిగాడు. కడుపులో బాగోలేదన్నాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు. నా మొహం సరిగ్గా చూసిందే లేదు. పూటకూళ్లింటి బార్టన్ గారు సాయంత్రమంతా కెజయా, కెజయా అని అరుస్తూనే ఉన్నాడు కదా, ఆ పేరు చెవిలో పడుంటుంది."

"చూడకుండానే అంత రాశాడా?"

ఆమె పిండిని బల్ల మీద గట్టిగా వేసింది. ఆ తర్వాత ఆ ఊసు ఆమె ఎత్తలేదు.

ఆ వేసవిలోనే ఊళ్లో గుప్పుమంది. దక్షిణపు గదిలో పేరున్న గాజు పలక బయటపడిందని, ఇన్నాళ్లూ తెర వెనకాల ఎవరూ చూడలేదని పూటకూళ్లింటి యజమాని అమాసా బార్టన్ చెప్పాడు. స్టేషన్ నుంచి బండ్లు రావడం మొదలైంది. గొడుగులు పట్టుకున్న ఆడవాళ్లు మేడెక్కి ఆ పలక ముందు నిలబడి నిట్టూర్చేవాళ్లు. కిందకి దిగి, కూజా పట్టుకున్న కెజయాని చూసి మళ్లీ నిట్టూర్చేవాళ్లు.

నేథన్‌కి ఆ పలక చూడాలనిపించలేదు. చూస్తే ఏం చేస్తాడో అతనికే నమ్మకం లేదు. పూటకూళ్లింట్లో పనుంటే కింది గదుల్లో చేసి వచ్చేవాడు. ఒకోసారి రెక్కల్ని ఊడదీసి కొట్టుకి పంపమనేవాడు. అవిసె నూనె, సుద్ద కలిపి గాజు అంచులకి పట్టించే పుట్టీ ముద్ద చేసుకుంటూ, ఎప్పుడూ చూడని ఆ గీతల్ని మనసులో చూస్తూ ఉండేవాడు. పలకలు కోసే వజ్రం గాజు మీద పలికే సన్నటి చప్పుడు అతని బతుకుతెరువు. ఆ చప్పుడే మరో మగవాడి చేతిలో, తన పిల్ల పేరు మీద. అది ఆలోచించిన రోజు ఒక్క పలకైనా వంకర పోయేది.

ఊరు ఊరుకునేది కాదు. కిరాణా కొట్టు ఓబెడ్ అతని పటాలంలో వాడే, చిన్నప్పటి నేస్తం.

"ఏరా నేథన్, నీ ఇంటి ముందు ఇద్దరు బోస్టన్ ఆడంగులు తచ్చాడుతున్నారు. మీ ఆవిడని చూపిస్తే తలా పది సెంట్లు పుచ్చుకో."

"నీ పప్పుల తక్కెడ చూసుకోరా ముందు. గింజ పడకముందే వంగుతోంది."

"నాకేం, మా ఆవిడ మీద ఎవరూ పాట కట్టలేదు. హాయిగా నిద్రపోతాను."

నిజంగానే నేథన్‌కి నిద్ర ఉండేది కాదు. కూతురు రూత్‌కి ఆరేళ్లప్పుడు ఎర్రజ్వరం వచ్చింది. నాలుగు రోజులు కెజయా కన్నార్పలేదు. ఐదో రోజు మధ్యాహ్నం కుర్చీలోనే ఒరిగిపోయింది. పిల్ల కళ్లు తెరిచి, "అమ్మ పాట చదువు," అంది. నేథన్ ఒక చేత్తో ఆ చిన్న మణికట్టు మీద నాడి పట్టుకుని లెక్కపెడుతూ, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని చదివాడు. నూట నలభై, నూట ముప్పై ఎనిమిది. పాట అయిపోతే నాడి తప్పుతుందేమోనని భయపడి మళ్లీ మొదటి నుంచి చదివాడు. అలా పదకొండు సార్లు. పిల్ల బతికింది. లేచి కూర్చున్న రోజు మొదట అడిగిన మాట, "అమ్మ పుస్తకంలో ఉంది కదా, నువ్వెందుకు లేవు నాన్నా?"

కవి గారు పోయినప్పుడు ఊళ్లో చర్చి గంట కొట్టారు. ఆ రోజు నేథన్ కొట్టు మూయలేదు.

1903 మార్చిలో ఆ పలక చిట్లింది. అమాసా బార్టన్ ఎప్పుడో పోయాడు. పూటకూళ్లిల్లు ఇప్పుడు ఊరి ఆడవాళ్ల చదువుల సంఘం చేతిలో ఉంది. పుస్తకానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా మే నెలలో పెద్ద సభ పెట్టుకున్నారు. ఈలోగా ఎవరో గాలికి కిటికీ రెక్క వదిలేశారు. పై మూల నుంచి బీట పేరు దగ్గర దాకా పాకింది. సంఘం కార్యదర్శి లాత్రాప్ గారి భార్య హెప్సిబా స్వయంగా కొట్టుకి వచ్చింది. చేతి రుమాలు నలుపుతూ నిలబడింది.

"ప్రూయిట్ గారూ, మీకిది ఎంత ఇబ్బందో నాకు తెలుసు. వూస్టర్ నుంచి మనిషిని పిలిపిద్దామన్నారు మావాళ్లు. కానీ పాత గాజు మీద మీకున్న చెయ్యి..."

"బీట పేరుకి ఎంత దూరంలో ఉంది?"

"అర అంగుళం కూడా లేదండీ. రోజూ చూస్తున్నాను. కాస్త పాకిందేమో కూడా."

"పాకుతుంది. ఎండకి సాగి, చలికి ముడుచుకుంటుంది కదా. రెక్క ఊడదీసి ఇక్కడికి పంపండి. నేను చేస్తాను."

ఆవిడ మొహం వెలిగింది. ఆవిడకి తెలియనిది ఒకటుంది. బీటలున్న గాజుని ఫ్రేములోంచి తియ్యడం ఎంత నేర్పరికైనా కష్టం. చేతిలోనే రెండు ముక్కలైతే ఎవరూ తప్పు పట్టరు. బొటనవేలితో కాస్త నొక్కితే చాలు, బీట ఆ పేరు మధ్యలోంచి పోతుంది. నేథన్‌కి అరవై ఆరేళ్లు. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు.

రెక్క వచ్చిన సాయంత్రం భోజనాల దగ్గర కెజయా ఉప్పుచేప వడ్డిస్తూ అడిగింది.

"అది తీసుకున్నావటగా."

"ఊఁ."

"నువ్వే చేస్తావా?"

"ఎవరు చేస్తారు మరి. నీ కవి లేచొచ్చి చెయ్యడుగా."

ఆమె కుర్చీలో కూర్చుని రొట్టె తుంచింది. "కింది అంచు పుట్టీ మెల్లగా తియ్యి," అంది. "తొందరపడకు."

నేథన్ పళ్లెం పక్కకి జరిపాడు. ఎన్నడూ తన పనిలో వేలు పెట్టని మనిషి. పిల్ల గదికి కిటికీ బిగించినా, చర్చికి బిగించినా ఒక్క మాట చెప్పింది లేదు. ఇవాళ ఆ పలక కోసం జాగ్రత్తలు చెబుతోంది. ఇన్నేళ్ల తర్వాత కూడా. ఇంక అతనికి సందేహం లేదు. పగలగొట్టాల్సిందే.

మర్నాడు పొద్దున్నే రెక్కని బల్ల మీద పరిచాడు. మొదటిసారి ఆ పేరు చూశాడు. అనుకున్నంత పెద్దది కాదు. అగ్గిపెట్టె పొడవుంది, అంతే. కిటికీలోంచి వచ్చే వెలుగు ఆ గీతల్లో పట్టి నిలిచింది. చూడటానికి అందంగానే ఉంది, దాంతో మరింత ఒళ్లు మండింది.

కింది అంచు జాగ్రత్త అందని కావాలనే పై అంచు నుంచి మొదలుపెట్టాడు. పాత పుట్టీ రాయిలా గట్టిపడుతుంది. ఇనప కడ్డీ కాల్చి దగ్గర పెడితే అందులోని అవిసె నూనె మెత్తబడి కత్తికి లొంగుతుంది. జానెడు మేర తీశాక గాజుని పట్టి ఉంచిన రేకు ముక్క బయటపడింది. మూడు మూలల చిన్న ముక్క. కత్తి మొనతో లాగాడు. వెనక్కి తిప్పాడు.

దాని మీద ఆకుపచ్చ రంగుంది.

నేథన్ కడ్డీ పక్కన పెట్టాడు. ఆ రేకు అతనిది. యుద్ధం నుంచి వచ్చేటప్పుడు బిస్కట్ల ఆకుపచ్చ డబ్బా ఒకటి తెచ్చుకున్నాడు. అరవై అయిదు ఏప్రిల్లో వడగళ్లు పడి పూటకూళ్లింటి అద్దాలు పగిలితే, చేతిలో సొమ్ము లేక ఆ డబ్బానే కత్తిరించి రేకు ముక్కలు చేసుకున్నాడు. ఇరవై రెక్కలు ఈ బల్ల మీదే బిగించాడు. అవి ఏ గదికి వెళ్లాయో అడగలేదు. బార్టన్ బండిలో వేసుకుపోయాడు. దక్షిణపు గదిలో ఒక్క పలకైనా పగల్లేదని అందరికీ చెప్పింది ఆ బార్టనే.

రెండో రేకు తీశాడు. అదీ ఆకుపచ్చే.

అంటే కవి గారు ఊరు వదిలి వెళ్లిన మూడున్నరేళ్లకి ఈ గాజు ఆ గదిలోకి వెళ్లింది. ఆయన చెయ్యి దీని మీద పడే వీలే లేదు. సంతోషపడాల్సిన మాట. కానీ నేథన్ మనసు ఇంకో వైపు పరిగెత్తింది. ఆయన కాకపోతే ఎవరు? ఏప్రిల్ అరవై అయిదు. అప్పటికి పెళ్లై రెండు నెలలైంది. ఇంతకాలం పెళ్లికి ముందు వచ్చిపోయిన బాటసారి మీద పగబట్టాడు. ఇప్పుడు పెళ్లయ్యాక, ఊళ్లోనే, వజ్రమున్న మగవాడెవడో అయి ఉండాలి. బార్టన్ వేలికి ఉంగరం ఉండేది. బడి పంతులు కూడా ఉంగరం పెట్టుకునేవాడు, కెజయాని చూసి టోపీ తీసేవాడు. వాడు కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడు? ఎవరూ చెప్పలేదు.

భూతద్దం తెచ్చి గీతల మీద పెట్టాడు. ప్రతి గీత పక్కనా, ఎడమ వైపున, వెంట్రుక లాంటి మరో గీత ఉంది. పై నుంచి కింది దాకా ఎక్కడా తప్పకుండా.

అలాంటి జంటగీత గీసే వజ్రం అతనికొకటే తెలుసు. ఎడమ అంచు కాస్త చెక్కుకుపోయిన తన పాత వజ్రం. అది ఆ ఏప్రిల్ చివర్లోనే మొద్దుబారింది. గాజు కోసే వజ్రం ఒకే చేతికి, ఒకే వాలుకి అలవాటు పడుతుంది. మరొకరు పట్టి రాస్తే చెడిపోతుంది. తను మాత్రం నాసిరకం అంటగట్టావని బోస్టన్ వర్తకుడికి రెండు పేజీల ఉత్తరం రాశాడు. ఆ వర్తకుడు మర్యాదగా క్షమాపణ చెప్పి పదో వంతు సొమ్ము తగ్గించాడు కూడా.

కెజయా అన్న మాట గుర్తొచ్చి మెల్లగా కింది అంచు వైపు తిరిగాడు. పుట్టీ మీద ముప్పై ఎనిమిదేళ్ల రంగు పొరలున్నాయి. వాటి కింద, కత్తితో నున్నగా లాగాల్సిన చోట, వరసగా వేలితో నొక్కిన గుంటలున్నాయి. నేథన్ తన జన్మలో పుట్టీని వేలితో నొక్కి వదల్లేదు. చిన్న గుంటలు. అతని వేలు అందులో సగమే పట్టింది.

కడ్డీని ఈసారి చాలా సేపు కాల్చాడు. గింజంత చొప్పున తీశాడు. అంచున, పుట్టీ కప్పిన పావు అంగుళం మేర, వెలుతురు పడని గాజు మీద చీమబారు లాంటి అక్షరాలు కనిపించాయి.

నేథన్ ప్రూయిట్ భార్య.

కొట్టు బయట ఎవరిదో బండి పోయింది. పొయ్యిలో కట్టె కూలింది. అతను రెక్కని అలాగే వదిలి, చేతులు కూడా తుడుచుకోకుండా పెరటి దారిన వంటింట్లోకి నడిచాడు. కెజయా శనివారం వంటకి చిక్కుడుగింజలు ఏరుతోంది. ఎడమ చొక్కా చెయ్యి ఒక మడత ఎక్కువే ఉంది.

"నా వజ్రం పాడు చేసింది నువ్వన్నమాట," అన్నాడు.

ఆమె గింజలు ఏరడం ఆపలేదు. "ముప్పై ఎనిమిదేళ్లకి తెలిసిందా."

"ఎందుకు?"

"కూర్చో. ఆ చేతులు నా బల్ల మీద పెట్టకు." ఆమె ఒక రాయి తీసి పక్కన పడేసింది. "పుస్తకం చదివి వచ్చినవాళ్లంతా పేరెక్కడుంది, పేరెక్కడుంది అని ప్రాణం తీసేవాళ్లు. ఆయనేం చెక్కలేదు. ఆయనకి ఉంగరమే లేదు. లేదని చెబితే మొహాలు మాడ్చుకుని టీ కూడా తాగకుండా పోయేవాళ్లు. అప్పటికే రైలొచ్చి, దారిన ఆగే బండ్లు తగ్గి పూటకూళ్లిల్లు పడుకుంది. ఇంకో ఏడాది చూసి మూసేస్తానన్నాడు బార్టన్ గారు. మనకి అప్పుడు నా జీతమే కదా ఆధారం. నువ్వు పడుకున్నాక నీ కోటు జేబులోంచి తీశాను. పొద్దున గది ఊడ్చేటప్పుడు చెక్కాను."

"బార్టన్‌కి తెలుసా?"

"చూసి నవ్వి, తెర వేశాడు. అంతే."

"మరి ఆ కింద రాసింది?"

కెజయా మరో రాయి ఏరి పడేసింది. "పైనేమో వాళ్ల కోసం రాశాను కదా. ఉత్త పేరు. ఎవరిదైనా కావచ్చు. అలా వదిలెయ్యడం బాగోలేదు. పుట్టీ ఇంకా పచ్చిగా ఉంది, గోటితో జరిపి రాసి మళ్లీ నొక్కేశాను. పదేళ్లకో పన్నెండేళ్లకో పుట్టీ రాలితే చేసేది నువ్వే కదా, చూస్తావు అనుకున్నాను. నువ్వా గడప తొక్కితేగా."

"నోటితో చెప్పొచ్చుగా."

"మొదటి వారమే చెప్పాను, ఆయన నా మొహం చూడలేదని. ఏమన్నావు నువ్వు? చూడకుండానే అంత రాశాడా అన్నావు. నా మాట కన్నా అచ్చైన మాటే నీకు నిజం." గింజల పళ్లెం దగ్గరకి లాక్కుంది. "నిజం చెప్పనా, మొదట్లో నువ్వలా ఉడుక్కుంటుంటే నాకు బాగానే ఉండేది. రెండేళ్లు. తర్వాత బాగోలేదు. అప్పటికి చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటావని భయం."

నేథన్ అరుద్దామనుకున్నాడు. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"ఎడమ చెయ్యి మడత సంగతి ఆయనకెలా తెలిసింది మరి?" అన్నాడు చివరికి.

కెజయా పళ్లెం మీంచి తలెత్తి అతని వంక చూసింది. "వదలవా నువ్వు?"

"అడుగుతున్నాను."

"గంజి పోశాను కదా నాయనా. చెయ్యి ఆయన ముక్కు కిందే ఉంది. మొహం పైకెత్తితే కడుపు నొప్పి."

ఆ పని నాలుగు రోజులు పట్టింది. బీట ముందు అడ్డంగా గీత పెట్టి, పై మూల వరకే కోసి తీసేశాడు. మిగతా గాజుకి కొట్లోని పాత పలకల్లోంచి సరిపోయే ముక్క వెతికి, మధ్యలో సన్నటి సీసపు పట్టీ వేసి కలిపాడు. కోసేటప్పుడు వజ్రం కింద గాజు పలికితే ఊపిరి బిగపట్టాడు. ముప్పై ఎనిమిదేళ్లు పగలాలని కోరుకున్న గాజు, ఇప్పుడు పగులుతుందేమోనని భయం. ఆకుపచ్చ రేకు ముక్కల్నే మళ్లీ వాడాడు. మూడు వైపులా పుట్టీని కత్తితో లాగాడు. కింది అంచు దగ్గర కత్తి పక్కన పెట్టి, పాత గుంటలు గుర్తున్నంత వరకు గుర్తు పెట్టుకుని, ఆ అక్షరాల మీద పుట్టీని వేలితో నొక్కాడు.

రెక్కని తనే మోసుకెళ్లాడు. మేడమెట్లు పద్నాలుగు. దక్షిణపు గదిలో ఒక మంచం, ఒక కుండీ, పచ్చిక బయలు కనిపించే కిటికీ. ఇంతేనా అనిపించింది. హెప్సిబా లాత్రాప్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ వెనక సభకి ముందే వచ్చిన ఇద్దరు అమ్మాయిలు.

నేథన్ రెక్కని బందుల్లో కూర్చోబెట్టి రెండుసార్లు తెరిచి మూశాడు. హెప్సిబా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"ప్రూయిట్ గారూ, మిమ్మల్ని అడక్కూడదు గానీ, ఈ మధ్య కొందరు అంటున్నారు, ఇదంతా బార్టన్ గారి కల్పన అని. మీరు గాజు తెలిసినవారు. ఇది నిజమైనదేనా?"

అతని జేబులో చేతికి ఒక మిగిలిపోయిన రేకు ముక్క తగిలింది. దాన్ని బయటకి తియ్యాలంటే తియ్యొచ్చు. నలభై ఏళ్లుగా ఊరు నమ్మిన కవి గారు ఈ మంచం మీదే కూలిపోతాడు. ఆయనతో పాటు ఇంకొకరు కూడా.

"చెక్కిన చెయ్యి నాకు తెలుసమ్మా," అన్నాడు. "నిజమైనదే."

ఆవిడ ఊపిరి వదిలింది. అమ్మాయిల్లో ఒకతె ముందుకొచ్చి కిటికీ మీదకి వంగింది. ఎండ ఆ పేరు లోంచి ఆమె గడ్డం మీద పడింది. ఆమె మోచెయ్యి కింది అంచు మీద ఆనబోయింది.

"ఎంత ప్రేమించి ఉంటాడో," అంది ఆ అమ్మాయి, ఎవరితోనూ కాకుండా.

"కాస్త జరుగు తల్లీ," అన్నాడు నేథన్. "పుట్టీ ఇంకా పచ్చిగా ఉంది."